తిరిగి చెప్పు

నా గొంతే. అందులో అనుమానం ఏమీ లేదు, పుట్టినప్పట్నుంచీ మోస్తున్న గొంతు, నాకు తెలీదా. ఎప్పుడూ కాస్త జలుబు చేసినట్టుండే నా గొంతు, మీటింగు గదిలో పెద్ద టేబుల్ మీద పెట్టిన ఫోన్లోంచి బయటికొచ్చి, అందరి ముందూ, "నాకు కోపం ఎక్కువ" అంది. కాస్త ఆగి, "ఆయన సరదాకే అన్నారు" అంది. ఇంకాస్త ఆగి, "నేనూ నవ్వాను" అంది. వింటుంటే ఒంట్లో రక్తమంతా అరికాళ్ళలోకి దిగిపోయింది. ఎవరిదీ మాట? నాదే. ఎప్పుడన్నాను? అన్నాను కాబట్టే కదా ఫోన్లో ఉంది. ఎందుకన్నాను? అదొక్కటే తెలీడం లేదు. సూపరింటెండెంటుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఎంతో జాలిగా, "చూశారుగా అమ్మా, మీరే ఒప్పుకున్నారు, ఇంక మేమేం చెయ్యగలం" అన్నారు. మేం టీ తాగేలోపు మీరు బయట కూర్చుని స్థిమితంగా ఆలోచించుకోండి, తర్వాత పిలుస్తాం, అన్నారు. దానికి నేనేమన్నానో తెలుసా? "బయట కూర్చుని స్థిమితంగా ఆలోచించుకుంటాను" అన్నాను. అని లేచి వచ్చేశాను. ఛీ, నా నోరు పడిపోను.

అలా వచ్చి ఈ బెంచీ మీద పడ్డాను. ఆఫీసుల అంతస్తు ఇది, ఇక్కడ మందుల వాసన రాదు, రూమ్ ఫ్రెషనర్ వాసన వస్తుంది, గోడవార కుండీలో ప్లాస్టిక్ మొక్క, దాని ఆకుల మీద నిజం దుమ్ము. పక్కన నీళ్ళ యంత్రం గుడగుడమంటోంది. ఇక్కడ స్థిమితంగా ఆలోచించుకోవాలి. దేని గురించీ? నన్ను ఆపరేషన్ థియేటర్లోంచి తీసేసి కింద స్టోర్స్‌కి పంపిస్తారట, దుప్పట్లూ దిండు గలీబులూ చూసుకోవాలట, "అక్కడైతే మీకే ఒత్తిడీ ఉండదు" అట. అబ్బో, ఎంత ప్రేమో. దిండు గలీబుకీ నాకూ ఏం పని? నా చేతులు చూసుకుంటే నాకే నవ్వొస్తుంది, బ్రష్షుతో రుద్దీ రుద్దీ గోళ్ళ చుట్టూ చర్మం కాగితంలా అయిపోయింది, మా అమ్మాయి అంటుంది, అమ్మా నీ చేతులు నీకంటే పెద్దవాళ్ళ చేతులు అని. అవును మరి. పొట్ట తెరిచి ఉన్నప్పుడు డాక్టరు చెయ్యి చాచేలోపు ఏం కావాలో తెలిసి, అడక్కముందే అరచేతిలో టప్‌మని పెట్టే చేతులివి. ఆ టప్ అనే చప్పుడు నాకెంత ఇష్టమో ఎవరికి చెప్పను. ఈపాటికి కింద మధ్యాహ్నం కేసు మొదలై ఉంటుంది, ఆపరేషన్ చేసే పెద్దసారు చెయ్యి చాచి ఉంటాడు, నా చోట ఎవర్నో నిలబెట్టి ఉంటారు. ఆ చోటు ఇంక నాది కాదట. పెద్దసారు మాత్రం ఎక్కడికీ కదలడు. ఆయన మీద ఫిర్యాదు పెట్టింది నేను, బదిలీ నాకు. చూశారా, ఎంత బాగుందో.

అసలు విచారణకి బయటి మనిషి వస్తుందనే కదా ఫిర్యాదు పెట్టాను. మా పొడుగమ్మాయి, నాతోపాటు థియేటర్లోనే చేస్తుంది, నిచ్చెన లేకుండా పై అల్మారా అందుకుంటుంది కాబట్టి పొడుగమ్మాయి, అదే చెప్పింది, "అక్కా, లోపలివాళ్ళైతే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవాలి, బయటివాళ్ళకేం మొహమాటం, ఉన్నదున్నట్టు రాస్తారు" అని. నిజమే అనుకున్నాను. ఆవిడ వచ్చిన రోజు కిటికీలోంచి చూశాం, నీళ్ళరంగు చీర, భుజానికి సంచీ, నెమ్మదైన నడక. పొడుగమ్మాయి అప్పుడే పేరు కూడా పెట్టేసింది, విచారణమ్మ అని. నాకైతే దేవుడొచ్చినంత పనైంది. ఇప్పుడు తీరిగ్గా ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటుంటే తలకాయ తిరుగుతోంది. ఎంత బయటి మనిషి ఈవిడ? పిలిచింది ఆస్పత్రి. దింపింది ఆస్పత్రి కారు. కూర్చోబెట్టింది సూపరింటెండెంటుగారి పక్కగది, తాగింది ఆయన టీ, అడిగింది ఆయన చెప్పినవాళ్ళని. పెద్దసారుని ఏమడిగిందీ? ఆయనే థియేటర్ బయట గొప్పగా చెప్పుకున్నాడు, ఎన్ని ఆపరేషన్లు చేశారు, ఎక్కడ చదివారు, ఇంత పని భారం ఎలా మోస్తారు అని అడిగిందట. నన్నేమడిగిందీ? నిద్ర బాగా పడుతుందా, మీ ఆయనతో గొడవలేమైనా ఉన్నాయా, చిన్నప్పుడు కూడా ఇలాగే ఊరికే నొచ్చుకునేవారా. అప్పుడు నాకు అదీ ప్రేమగానే అనిపించింది. ఎవరన్నా నిద్ర గురించి అడిగి ఎన్నాళ్ళైందో అని కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. ఆవిడ టిష్యూ ఇచ్చింది. "నన్ను మీ అక్కలా అనుకోండి" అంది. అనుకున్నాను కూడా, పిచ్చిదాన్ని.

తలుపు దగ్గర స్టూలేసుకుని కూర్చున్న అటెండరు బాబాయి మెడ చాచి లోపలికి చూసి వచ్చాడు. "ఇంకా టీ అవలేదమ్మా, కొంచెం ఆలస్యమయ్యేట్టుంది" అన్నాడు. "కొంచెం ఆలస్యమవుతుంది" అన్నాను. "అవునమ్మా, అదే చెప్తున్నా" అని నవ్వి స్టూలెక్కాడు. నేను నవ్వలేదు. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే బిగుసుకుపోయాను. కొంచెం ఆలస్యమవుతుంది. ఎవరు చెప్పారీ మాట? ఆయన చెప్పాడు, నేను తిరిగి చెప్పాను. బయట కూర్చుని ఆలోచించుకోండి, బయట కూర్చుని ఆలోచించుకుంటాను. మీకు కోపం ఎక్కువ. నాకు కోపం ఎక్కువ. ఓరి దేవుడా. ఆయన సరదాకే అన్నారు అంటున్నారు. ఆయన సరదాకే అన్నారు. మీరూ నవ్వారు. నేనూ నవ్వాను. విచారణమ్మ గొంతు తీసేశారు. ముందు మాట తీసేసి వెనక మాట ఉంచారు. ఫోన్లో నా ఒక్కదాని గొంతే మిగిలింది, ఎవరూ అడక్కుండా నాకు నేనే కూర్చుని ఒప్పుకుంటున్నట్టు. బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

ఇది మా థియేటర్ జబ్బు. జబ్బు కాదు, మా పద్ధతి, ఒంటికి పట్టేసి జబ్బులా అయిపోయింది. అక్కడ ఏ మాటైనా తిరిగి చెప్పాలి. మందు పేరు చెప్తే తిరిగి మందు పేరు, సూది ఇస్తే సూది, సూది వెనక్కొస్తే సూది వెనక్కి. నేను కొత్తగా చేరినప్పుడు మా పెద్ద సిస్టరమ్మ, ఆవిడ లేదిప్పుడు, గుమ్మం దగ్గరే నిలబెట్టి నేర్పింది. "తిరిగి చెప్పావంటే నువ్వు విన్నావని, అంతే. మంచిదనీ కాదు, చెడ్డదనీ కాదు, నీకిష్టమనీ కాదు. నీ చెవిలో పడిందని ఎదుటివాడికి తెలియాలి, అది లోపల పడుకున్నవాడి ప్రాణం. నువ్వు తిరిగి చెప్పలేదనుకో, వాడెంత పెద్ద డాక్టరైనా సరే, చెయ్యి ఆగాలి" అంది. ఆవిడ చెప్పే తీరుకి నాకు వణుకొచ్చింది. తర్వాత తెలిసింది, ఆవిడ ముందు పనిచేసిన చోట ఎవరో ఒక మందుకి ఇంకో మందు విని ఎక్కించేశారట, ఎవరూ తిరిగి చెప్పలేదట, ఒక చిన్నపిల్ల లేవలేదట. ఆవిడ ఇక్కడికొచ్చాకే మా థియేటర్లో ఈ పద్ధతి. అందరికంటే దీన్ని గట్టిగా పట్టుకున్నది మత్తు డాక్టరుగారు. ఆయన మాట్లాడేదే తక్కువ, రోగి తల దగ్గర స్టూలు మీద కూర్చుని తెర వెనకాల ఆయన లోకంలో ఆయనుంటాడు. ఒకసారి మాస్కులో నాకు దగ్గు పట్టుకుని తిరిగి చెప్పడం ఒక్క క్షణం ఆలస్యమైంది, పెద్దసారు ఆగకుండా చెయ్యి పెట్టబోతుంటే తెర వెనక నుంచి, "ఆగండి. ఆవిడ తిరిగి చెప్పలేదు" అన్నాడాయన. పెద్దసారు చెయ్యి గాల్లో ఆగింది. నేను దగ్గు మింగి చెప్పాక కదిలింది. ఆ రోజు ఇంటికెళ్ళి అందరికీ అదే కథ చెప్పాను, నా దగ్గు కోసం పెద్ద డాక్టరు ఆగాడని.

ఇంట్లో మాత్రం ఈ పద్ధతితో నా బతుకు నవ్వులపాలే. పెళ్ళైన కొత్తలో అత్తయ్య "బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టు" అంటే "బియ్యం కడిగి పొయ్యి మీద పెడతా" అనేదాన్ని, "పాలు పొంగకుండా చూడు" అంటే "పాలు పొంగకుండా చూస్తా" అనేదాన్ని. రెండు రోజులు చూసి మూతి ముడుచుకుని కొడుకుని పిలిచింది, "ఒరేయ్, ఈ పిల్ల నన్ను వెక్కిరిస్తోందిరా" అని. ఆయన పడీ పడీ నవ్వాడు. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా, నా మీద అలిగి "అంతా నీ తప్పే" అన్నాడొకసారి, "అంతా నా తప్పే" అన్నాను అలవాటుగా, ఇంకేం, గెలిచేశాననుకుని కాలర్ ఎగరేసుకుంటూ తిరిగాడు, సాయంత్రం నేను మొదలుపెట్టాక గానీ తెలీలేదు పాపం. మా అమ్మాయి చిన్నప్పుడే కనిపెట్టేసింది. నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, "అమ్మా, ఇది విన్నదా, ఒప్పుకున్నదా?" అని అడిగేది. "విన్నదే" అంటే మళ్ళీ బతిమాలేది, "ఒప్పుకున్నది" అంటే గెంతుకుంటూ పోయేది. ఇప్పుడు మా ఇంట్లో అందరూ అలాగే అడుగుతారు, అత్తయ్యతో సహా. బొమ్మలతో ఆడుకునే పిల్లకి తెలిసింది. బడికెళ్ళని అత్తయ్యకి తెలిసింది.

పెద్దసారుకి తెలీదా? తెలుసు కాబట్టే కదా. మొదట్లో చిలకా అని పిలిచేవాడు, తిరిగి చెప్తాను కదా అందుకు. సరే పోనీ అని ఊరుకున్నాను. నేనొచ్చింది కొండల అవతల నుంచి, ఒళ్ళు నలుపు, మాట కాస్త మొరటు, మావాళ్ళు ఆస్పత్రిలో ఊడ్చే పనిలో తప్ప ఇంకెక్కడా కనపడరు, థియేటర్లో టేబుల్ పక్కన నిలబడింది నేనొక్కదాన్నే. అది ఆయనకి కంట్లో నలుసు. ఒక రోజు, పొట్ట తెరిచి ఉంది, నా చేతిలో పట్టుకారు, ఆయన కోసం చాచి పట్టుకుని ఉన్నాను. అందుకోలేదు. నా వైపు చూసి, "మీవాళ్ళకి తెలివి ఆలస్యంగా ఎక్కుతుంది. తిరిగి చెప్పు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అర్థమై, ఒళ్ళంతా మంటెత్తింది. తిరిగి చెప్పకపోతే చెయ్యి కదపడు, పద్ధతి కదా, కింద మనిషి తెరుచుకుని ఉన్నాడు, నెత్తురు ఊరుతోంది. "తిరిగి చెప్పు" అన్నాడు మళ్ళీ, చేతులు పైకి పట్టుకుని, కళ్ళతో నవ్వుతూ. చెప్పాను. "మావాళ్ళకి తెలివి ఆలస్యంగా ఎక్కుతుంది." నా చేతిలోంచి పట్టుకారు తీసుకున్నాడు. కుర్ర డాక్టర్లు మాస్కుల వెనక కిచకిచలాడారు. నేను తెర వైపు చూశాను, మత్తు డాక్టరుగారు ఏమన్నా అంటారేమోనని. ఆయన మానిటర్ మీద గీతలు చూసుకుంటూ తల పక్కకి తిప్పుకున్నాడు. అంతే, తర్వాత నుంచీ అదొక ఆటైపోయింది. నువ్వు మొద్దువి, తిరిగి చెప్పు. నువ్వు ఊడ్చుకోవలసినదానివి, తిరిగి చెప్పు. ప్రతిసారీ పొట్ట తెరిచాకే, నేను నోరు మూసుకుంటే లోపలివాడికి ముప్పు వచ్చే సమయం చూసుకునే. ఒక మనిషి ప్రాణం కాపాడ్డానికి పెట్టిన పద్ధతిని పట్టుకుని నా నోటితోనే నన్ను తిట్టించాడు. అదీ నా ఫిర్యాదు. ఇంకేమీ కాదు, అదొక్కటే.

విచారణమ్మకి పూసగుచ్చినట్టు చెప్పాను. చెప్తే ఏం రాసిందీ? ఇందాక తనే చదివింది కదా, మెత్తగా, పసిపిల్లకి అన్నం పెడుతున్నట్టు. తిరిగి చెప్పడం అంటే ఆ మాటకి సమ్మతి తెలపడమేనట. ఫిర్యాదు చేసినావిడ ఎప్పుడూ అభ్యంతరం చెప్పకుండా ఆ మాటల్ని తిరిగి చెప్పింది కాబట్టి ఆ సరదాలో ఆవిడకీ భాగం ఉందట. తల కొట్టేసినట్టయింది వింటుంటే. కానీ ఇప్పుడు ఈ బెంచీ మీద కూర్చుని ఆలోచిస్తుంటే ఊపిరి కాస్త తిరిగొచ్చింది. పాపం, ఆవిడకేం తెలుసు? బయటి మనిషి. మొదటి రోజే చెప్పింది, "నాకు ఆస్పత్రులంటే ఓనమాలు కూడా తెలీవండీ, జ్వరమొస్తే తప్ప గుమ్మం ఎక్కను, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పండి" అని. చిన్నపిల్లకి చెప్పినట్టే చెప్పాను, అయినా బుర్రకెక్కలేదు. ఆవిడ తప్పేముంది, మా లోకం అలాంటిది, చూడనివాళ్ళకి వెర్రిగానే ఉంటుంది. ఒక్కసారి థియేటర్లోకి వచ్చి చూసుంటే తెలిసేది. రమ్మన్నాను కూడా. "అమ్మో, నాకు నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయి" అంది. సరే, లోపలికి పిలవగానే మా అమ్మాయి ప్రశ్నే చెప్తాను. విన్నదా, ఒప్పుకున్నదా, ఇవి వేరండీ అని. మత్తు డాక్టరుగారు కూడా ఆ గదిలో కూర్చున్నారు కదా పెద్దల్లో ఒకరుగా, అడగండి ఆయన్ని అంటాను. మంచిమనిషి విచారణమ్మ, వింటుంది. పొరపాటైందండీ అని దిద్దుకుంటుంది. అనుకుంటుంటే దాహం వేసింది.

"బాబాయ్, కాసిన్ని నీళ్ళు" అన్నాను. ఆయన కాగితం గ్లాసు నింపి, నిండుగా ఉందని అంచు మీద రెండు వేళ్ళతో, ఒలుకుతుందేమోనని భయపడుతూ దూరం నుంచే అందించాడు, అందరూ ఇచ్చినట్టే. నేను అందుకోబోయేసరికి అది ఊగి, సగం నా వేళ్ళ మీద పోయింది. అయ్యో అంటున్నాడాయన. నేను నా తడి అరచెయ్యి చూసుకుంటూ ఉండిపోయాను. ఆ రోజు నేను ఏడుస్తుంటే విచారణమ్మ కూడా నీళ్ళిచ్చింది. గాజు గ్లాసు. నేను కళ్ళు తుడుచుకుంటూ అటు చూడకుండానే చెయ్యి చాచాను. గ్లాసు నా అరచేతిలోకి వచ్చి కూర్చుంది. టప్‌మని. గట్టిగా, నిటారుగా, సరిగ్గా అరచేతి మధ్యలో, నా వేళ్ళు మూసుకునేదాకా వదలకుండా, మూసుకోగానే వదిలి. ఒక్క చుక్క ఒలకలేదు. నాకప్పుడు ఎంత హాయిగా అనిపించిందో, ఎందుకో తెలీలేదు. అలా ఇవ్వడం ఎక్కడ నేర్చుకుంటారు? ఇళ్ళల్లో ఎవరూ అలా ఇవ్వరు. చూడని చేతిలోకి వస్తువు పెట్టడం ఎవరికొస్తుంది? నాకొస్తుంది. పొడుగమ్మాయికొస్తుంది. వద్దు, వద్దు, ఊరికే అనుకుంటున్నాను. కానీ ఆ తలుపు? మొదటి రోజు గదిలోకొచ్చేటప్పుడు ఆవిడ చేతులు ఖాళీగానే ఉన్నాయి, అయినా తలుపుని చేత్తో తొయ్యలేదు, వెనక్కి తిరిగి వీపుతో తోసుకుని వచ్చింది, రెండు చేతులూ పొట్ట పైన గాల్లో పెట్టుకుని. చూసి నాలో నేను నవ్వుకున్నాను, అచ్చం మాలాగే అని. అచ్చం మాలాగే! కడిగిన చెయ్యి దేనికీ తగలకూడదని ఏళ్ళ తరబడి వీపుతో తలుపులు తీసినవాళ్ళు, మానేశాక కూడా, సంతలోనైనా, చుట్టాలింట్లోనైనా వీపుతోనే తీస్తారు. నేనూ అంతే. ఓరి నాయనో.

తెలుసు. ఆవిడకి తెలుసు. థియేటర్లో నిలబడ్డ మనిషి. నా లాంటి నర్సే. తిరిగి చెప్పడమంటే ఏమిటో నాకెంత తెలుసో ఆవిడకీ అంతే తెలుసు. నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయట, ఓనమాలు తెలీవట! కళ్ళముందు గోడ కదిలినట్టైంది. ఆవిడ ప్రశ్నలన్నీ ఇప్పుడు వేరే గొంతుతో వినపడుతున్నాయి. అవి అసలు ప్రశ్నలు కావు, ప్రశ్నలా తోక లేపనేలేదు ఒక్కటీ. మీకు కోపం ఎక్కువ. ఆగింది. మీరూ నవ్వారు. ఆగింది. ఎక్కడ ఆగితే నా నోరు తెరుచుకుంటుందో తెలిసి ఆగింది. నేను ఒక్కోటీ తిరిగి చెప్తుంటే ఫోన్లో ఎర్ర చుక్క వెలుగుతోంది, ఆవిడ మెల్లగా తలూపుతోంది. పెద్దసారు చేసింది ఏంటి, ఈవిడ చేసింది ఏంటి? ఆయన పొట్ట తెరిచి అడిగాడు, ఈవిడ నా కడుపు తెరిపించి అడిగింది. ఆయన మాట్లాడించినప్పుడు ఒళ్ళు మండింది, ఈవిడ మాట్లాడించినప్పుడు అక్కా అనుకున్నాను. అదీ నన్ను కోసేస్తున్నది. కోపం కూడా రావడం లేదు. ఎందుకు మానేసిందో థియేటర్? ఆవిణ్ణీ ఎవరైనా తిరిగి చెప్పు అన్నారా? అన్నా సరే. అని ఉంటే ఇది మరీ ఘోరం, ఆ మంట తెలిసీ చేసింది.

ఫోన్ మోగింది. మా ఆయనే. "ఏమైందే?" అన్నాడు. "థియేటర్లోంచి తీసేస్తారట" అన్నాను. అటువైపు ఆయన పనిచేసే షెడ్డులో సుత్తి చప్పుడు. "వచ్చెయ్, పోనీ, ఉద్యోగం లేకపోతే బతకమా" అన్నాడు. "వచ్చేస్తా, ఉద్యోగం లేకపోతే బతుకుతాం" అన్నాను. "ఇది విన్నదా, ఒప్పుకున్నదా?" అన్నాడు వెంటనే. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "విన్నదే" అన్నాను. "సరే అయితే, వినేసి, నీకేం తోస్తే అది చెయ్యి" అని పెట్టేశాడు. అటెండరు బాబాయి లేచి తలుపు తెరిచి పట్టుకున్నాడు, రమ్మంటున్నారమ్మా అని.

గదిలో టీ వాసన. సూపరింటెండెంటుగారు మధ్యలో, విచారణమ్మ ఆయన కుడి పక్కన, మత్తు డాక్టరుగారు చివర్లో కిటికీ వైపు, ఇక్కడ కూడా గోడ చాటు చూసుకుని కూర్చున్నట్టు. నేను చెప్పాలనుకున్నవన్నీ తలుపు బయటే ఉండిపోయాయి. విచారణమ్మ పని అయిపోయినట్టు సంచీ సర్దుకుంటోంది, సంచీలోకి చూసుకుంటూనే పెన్ను కోసం టేబుల్ మీద తడుముకుంటోంది. పెన్ను నా వైపు దొర్లింది. నేను ఏమీ అనుకోలేదు, ఒట్టు, నా చెయ్యే కదిలింది. పెన్ను తీసి, "పెన్ను" అని, ఆవిడ తెరిచిన అరచేతిలో టప్‌మని పెట్టాను. "పెన్ను" అంది ఆవిడ, తలెత్తకుండానే. వేళ్ళు మూసుకున్నాయి. అప్పుడు తలెత్తింది. నేనూ చూశాను. ఆవిడ మొహంలో రంగంతా పోయింది, ముక్కు కూడా తెల్లబడింది, కళ్ళు మాత్రం నా మీద నుంచి కదపలేకపోయింది. కిటికీ పక్కన కుర్చీ కిర్రుమంది. సూపరింటెండెంటుగారికి ఏమీ పట్టలేదు, ఆయనకి ఇంకో మీటింగుంది. "చూడమ్మా, మీ మంచికే, రేపట్నుంచి మిమ్మల్ని స్టోర్స్‌కి మారుస్తున్నాం, మీకు సమ్మతమే" అన్నారు. అని ఆగారు. ఆయనకి కూడా ఎక్కడ ఆగాలో ఎవరో నేర్పారు. ఫోన్లో ఎర్ర చుక్క వెలుగుతోంది.

నాలుక కదిలింది. మాట పళ్ళ దాకా వచ్చింది, నాకు సమ్మతమే అని, ఒక్క ఊపిరి తగిలితే చాలు బయట పడుతుంది. పళ్ళు బిగించాను. పెళ్ళైనప్పట్నుంచీ, అంతకు ముందు నుంచీ, ఎవరి మాటా తిరిగి చెప్పకుండా ఉన్నది లేదు, ఎంత కష్టమో అప్పుడే తెలిసింది, దగ్గు ఆపుకున్నట్టు గొంతు నొప్పి పుట్టింది. "సమ్మతమేనమ్మా?" అన్నారు ఆయన మళ్ళీ. నేను ఊపిరి కూడా తీసుకోలేదు. "చెప్పండి, పర్లేదు, సమ్మతమే అనండి చాలు" అంది విచారణమ్మ, మెత్తగానే, కానీ ఆ గొంతు వణికింది. నేను ఆవిడనే చూస్తూ నిలబడ్డాను. "మౌనం అంటే ఒప్పుకున్నట్టే కదా, రాసేద్దాం" అని సూపరింటెండెంటుగారు కాగితం దగ్గరికి లాక్కుని ఆవిడ చేతిలోంచి పెన్ను తీసుకున్నారు.

"ఆగండి."

ఎవరో నాకు వెంటనే తెలీలేదు. ఆ గొంతు నేనెప్పుడూ తెర అవతల నుంచే విన్నాను. మత్తు డాక్టరుగారు లేచి నిలబడి ఉన్నారు, మొహం నా వైపు లేదు, బల్ల వైపూ లేదు, ఆ రోజు తల తిప్పుకున్నట్టే కిటికీ వైపు ఉంది, కానీ చెయ్యి మాత్రం బల్ల మీదికి చాచి, సూపరింటెండెంటుగారి మణికట్టు పట్టుకుని ఉంది.

"చెయ్యి తియ్యండి సార్. ఆవిడ తిరిగి చెప్పలేదు."